మూడు నదుల ఊళ్ళో రోజూ 3 ఆటలు

వాల్‌పోస్టరు అడుగున "రోజూ 3 ఆటలు" అని వేస్తారు చూడండి, ఆ ముక్క హాలుకి కాకుండా ఏకంగా ఒక ఊరికే అంటించవలసి వస్తే నేను పిట్స్‌బర్గుకి అంటిస్తాను. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రానికి పడమటి కొసన ఉంటుందా ఊరు. నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ దిగారంటే ఆదివారం ఫుట్‌బాలు, వారం మధ్యలో ఒక రాత్రి ఐసు హాకీ, ఇంకో రాత్రి కాలేజీ కుర్రాళ్ళ బాస్కెట్‌బాలు. చలికి ముక్కూ చెవులూ ఉన్నాయో లేవో తెలియకపోయినా జనం మాత్రం మొదటి రోజు మొదటి ఆటకి తోసుకున్నట్టే తోసుకుంటారు.

ఉద్యోగం పేరు చెప్పుకుని నేనా ఊరు చేరింది 2014లో. అప్పటికి నాకు తెలిసిన ఆటలు మ్యాట్నీ, ఫస్టు షో, సెకండు షో. ఇప్పుడు నా బీరువా తలుపు తీస్తే సగం బట్టలు నలుపు, సగం పసుపు. ఎందుకలా అయిందో చెబుతాను.

ముందొక చిన్న హెచ్చరిక. వాళ్ళు ఫుట్‌బాలు అంటే మన ఫుట్‌బాలు కాదండోయ్. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని, ఎదుటివాణ్ణి గుద్దుకుంటూ పరుగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, అంతే సూత్రం. హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. కాళ్ళకి కత్తుల్లాంటి స్కేట్లు కట్టుకుని, మంచుగడ్డ మీద జారుకుంటూ, నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో బాదే ఆట. బాస్కెట్‌బాలు ఒక్కటే మన కాలేజీ గ్రౌండులో చూసిన ఆట. కాకపోతే అక్కడ కాలేజీ పిల్లల ఆట చూడడానికి పన్నెండు వేల సీట్ల హాలు కట్టారు.

ఊరి ఎంట్రీ

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వస్తుంటే కొండని తొలిచి వేసిన ఫోర్ట్ పిట్ సొరంగం ఒకటి తగులుతుంది. నిమిషం పాటు రెండు పక్కలా గోడలూ దీపాలూ తప్ప ఏమీ కనిపించదు. మరుక్షణం తెర లేచినట్టు ఊరంతా ఒక్కసారి ముందుకొచ్చి నిలబడుతుంది! ఎలిగేనీ, మొనాంగహీలా అనే రెండు నదులు వచ్చి కలిసి ఒహాయో నదిగా సాగిపోయే చోటు అది. పసుపు రంగు వంతెనలు, ఆకాశాన్నంటే మేడలు, ఎడమ పక్క ఏటి ఒడ్డున ఫుట్‌బాలు స్టేడియం. ఏ కెమెరామన్ పెట్టినా ఇంతకంటే మంచి ఇంట్రడక్షన్ షాటు పెట్టలేడు. 2012లో వచ్చిన 'ది పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్' చిత్రంలో కుర్రకారు కారు మీద నిలబడి చేతులు చాపే సన్నివేశం తీసింది ఈ సొరంగంలోనే. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి, పోలీసులు ఊరుకోరు.

నేను దిగినప్పుడు విమానాశ్రయంలో పక్కపక్కన రెండు విగ్రహాలు కనిపించాయి. ఒకటి జార్జి వాషింగ్టన్‌ది. ఆయన దేశానికి మొదటి ప్రెసిడెంటు. రెండోది ఫ్రాంకో హారిస్‌ది. ఆయన ఒక బంతి పట్టుకున్నాడు.

నవ్వకండి. ఆ బంతి కథ వింటే మన రచయితలు కూడా ఇంత నాటకీయత వద్దులే అంటారు. 1972 డిసెంబరు 23. అక్కడి ఫుట్‌బాలు జట్టు పేరు స్టీలర్స్. 1933 నుంచీ ఆడుతున్నా అప్పటికి ఒక్క ప్లేఆఫ్ మ్యాచి కూడా గెలిచిన పాపాన పోలేదు. ఆ రోజు ఓక్లండ్ రైడర్స్ జట్టు మీద 6-7తో వెనకబడి ఉంది. మిగిలింది 22 సెకన్లు, ఆఖరి ప్రయత్నం. టెర్రీ బ్రాడ్‌షా విసిరిన బంతి ఇద్దరు ఆటగాళ్ళు ఢీకొన్న చోట ఎగిరి వెనక్కి పడిపోతోంది. అంతా అయిపోయిందనుకున్నారు. ఎక్కణ్ణుంచి వచ్చాడో ఫ్రాంకో, బంతి నేల తాకబోయే ముందు బూట్ల దగ్గర అందుకుని అలాగే పరుగెత్తి గీత దాటేశాడు. 13-7! ఆ రోజుల్లో నిబంధన ప్రకారం సొంత ఊరి టీవీలో మ్యాచి వెయ్యలేదు. అంచేత చూసినవాళ్ళు స్టేడియంలో ఉన్న యాభైవేల మందే. అయినా ఊళ్ళో అరవై దాటిన ప్రతి మనిషీ "నేనా రోజు అక్కడే ఉన్నాను" అంటాడు. మన ఊళ్ళో షూటింగ్ జరిగితే ఇరవై ఏళ్ళ తర్వాత ఊరంతా జనంలో నటించామని చెప్పుకోదూ? అలాగే.

ఆ పాత స్టేడియం 2001లో కూల్చేశారు. బంతి పట్టిన చోట మాత్రం కాలిబాట మీద గుర్తు వేసి ఉంచారు. ప్రతి డిసెంబరు 23న మధ్యాహ్నం 3 గంటల 41 నిమిషాలకి కొంతమంది అక్కడ చేరతారు. 2022లో యాభై ఏళ్ళ పండగకి అన్నీ సిద్ధం చేసుకున్నాక, కొద్ది రోజుల ముందు ఫ్రాంకో కన్నుమూశాడు. డిసెంబరు 24న అదే రైడర్స్‌తో మ్యాచి. గడ్డ కట్టే చలిలో ఆయన 32వ నంబరు ఇక ఎవరూ తొడగకుండా విశ్రాంతినిచ్చారు. స్టీలర్స్ 13-10తో గెలిచారు. నా పక్క సీటాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

తువ్వాలు మహిమ

స్టీలర్స్ అంటే ఉక్కు మనుషులన్న మాట. ఊరికే పెట్టుకున్న పేరు కాదు. ఒకప్పుడు అమెరికాకి ఉక్కు పోసిన ఊరది. 1980 ప్రాంతాల్లో ఫ్యాక్టరీలు వరసగా మూతపడ్డాయి. హోమ్‌స్టెడ్‌లోని పెద్ద ఉక్కు కర్మాగారం 1986లో ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ షాపులూ, సినిమా హాళ్ళూ ఉన్నాయి. ఇటుక పొగగొట్టాలు పన్నెండు మాత్రం వరసగా అలాగే నిలబెట్టారు. సినిమాకి వెళ్ళినప్పుడల్లా నేను కాసేపు వాటివంక చూసి వస్తాను. 1950లో ఊరి జనాభా 6 లక్షల 76 వేలు. 2020లో 3 లక్షల 3 వేలు. సగం కంటే ఎక్కువ ఊరు లేచి వెళ్ళిపోయింది.

వెళ్ళినవాళ్ళు ఏం పట్టుకెళ్ళారో తెలుసా? తువ్వాలు! 'టెరిబుల్ టవల్' అంటారు. మైరన్ కోప్ అనే రేడియో వ్యాఖ్యాత 1975లో మొదలుపెట్టిన సరదా. పసుపు పచ్చ తువ్వాలు తల చుట్టూ గిరగిర తిప్పితే జట్టు గెలుస్తుందని నమ్మకం. స్టీలర్స్ ఫ్లోరిడాలో ఆడినా, టెక్సాస్‌లో ఆడినా గ్యాలరీలో సగం పసుపుగా కనిపించేది అందుకే. ఫ్యాక్టరీ మూసేస్తే పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూను. మా పక్కింటి పెద్దాయన మిల్లులో పనిచేసినవాడు. ఆయన కొడుకు ఇరవై ఏళ్ళప్పుడు టెక్సాస్ వెళ్ళిపోయాడు. "పండక్కి రాడు, మ్యాచి రోజున మాత్రం ఫోను చేస్తాడు" అంటాడాయన. నాకు నవ్వు రాలేదు. మా అమ్మ కూడా నా గురించి కొంచెం అటూ ఇటూగా అదే మాట అంటుంది. కాకపోతే నా ఫోను ఏదైనా పెద్ద సినిమా విడుదలైన రోజున వెడుతుంది, హాలు దగ్గర హడావిడి ఎలా ఉందని అడగడానికి.

ఆ తువ్వాలు మీద వచ్చే హక్కుల డబ్బు ఎవరికి పోతుందో కూడా చెప్పాలి. 1996లో కోప్ ఆ హక్కులు ఎలిగేనీ వ్యాలీ స్కూలుకి రాసిచ్చేశాడు. మానసిక వైకల్యం ఉన్నవారిని చూసుకునే సంస్థ అది. ఆయన కొడుకు ఉన్నది అక్కడే. తువ్వాలు కొనేటప్పుడు ఆ సంగతి గుర్తుకొస్తే, బేరం ఆడబుద్ధి కాదు.

ఇహ జట్టు సంగతి. నా అభిప్రాయం చెబితే ఊళ్ళో సగంమంది కొట్టడానికొస్తారు. 1969 నుంచి 2024 సీజను దాకా ఈ జట్టుకి ముగ్గురే కోచ్‌లు - చక్ నాల్, బిల్ కవర్, మైక్ టామ్లిన్. మిగతా ఊళ్ళలో కోచ్‌లని మన నిర్మాతలు సంగీత దర్శకుల్ని మార్చినట్టు మారుస్తారు. ఇక్కడా నిలకడ చూస్తే ముచ్చటేస్తుంది. 2007లో వచ్చిన టామ్లిన్ 2024 దాకా 18 సీజన్లలో ఒక్కసారి కూడా ఓటములెక్కువైన సీజను చూడలేదు. గొప్పే! కానీ 2017 జనవరి తర్వాత 2025 జనవరి దాకా ప్లేఆఫ్ మ్యాచి ఒక్కటీ నెగ్గలేదు. ఇదెలా ఉందంటే, ఆ హీరో సినిమా ఒక్కటీ ఫ్లాపు కాదు, ఒక్కటీ వంద రోజులు ఆడదు. అన్నీ యావరేజ్. పెట్టుబడి తిరిగొస్తుంది, పండగ రాదు. నిండా మునిగితే కొత్త కుర్రాణ్ణి తెచ్చుకునే వీలన్నా ఉంటుంది. ఆ ఆటల్లో ఓడినవాళ్ళకే ముందు ఎంపిక. యావరేజ్ వాడికి అదీ దక్కదు.

కెన్నీ పికెట్ సంగతే చూడండి. ఆ ఊరి యూనివర్శిటీలోనే, ఆ స్టేడియంలోనే ఆడి పేరు తెచ్చుకున్న కుర్రాడు. 2022లో స్టీలర్స్ మొదటి ఎంపికగా తీసుకున్నారు. రెండేళ్ళు తిరక్కుండా 2024లో ఫిలడెల్ఫియాకి పంపేశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు! ఇక్కడ మనం 2025 జూన్‌లో 41 ఏళ్ళ ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చుకున్నాం. మహానుభావుడే, కాదనను. కానీ సొంత ఊరి కుర్రాడికి ఇంకొంత టైమిచ్చి ఉంటే నాకు తృప్తిగా ఉండేది.

స్టేడియం పేరు సంగతి కూడా ఒక మాట. 2001లో తెరిచినప్పుడు హైంజ్ ఫీల్డ్ అన్నారు. టమాటా కెచప్ తయారుచేసే హైంజ్ కంపెనీ ఈ ఊరి పక్కనే పుట్టింది. స్కోరుబోర్డు మీద రెండు పెద్ద కెచప్ సీసాలుండేవి. మనవాళ్ళు గీత దగ్గరికొస్తే సీసాలు వంగి కెచప్ పోసినట్టు బొమ్మ! 2022లో పేరు మారింది, మిషిగన్‌లోని ఒక ఇన్సూరెన్స్ వ్యాపార సంస్థ పేరున ఎక్రిషర్ స్టేడియం అయింది. డబ్బిచ్చారు, పేరు పెట్టుకున్నారు. జనం మాత్రం ఇంకా హైంజ్ ఫీల్డనే అంటారు. మన ఊళ్ళో హాలు యజమాని మారి, రంగు మారి, బోర్డు మారినా పాత పేరుతోనే రిక్షా మాట్లాడుకునేవాళ్ళం కదూ.

అన్నట్టు, 'ది డార్క్ నైట్ రైజెస్'లో స్టేడియం కుంగిపోతుంటే ఒకడు వెనక్కి చూడకుండా పరుగెత్తుతాడు, గుర్తుందా? ఆ స్టేడియం ఇదే. పరుగెత్తినవాడు స్టీలర్స్ ఆటగాడు హైన్స్ వార్డ్. 2011 ఆగస్టులో తీశారు. మండుటెండలో వేలాదిమంది స్వెట్టర్లు తొడుక్కుని చలికాలం నటించారు. తెర మీద ఆ జట్టు పేరు గోథమ్ రోగ్స్. బట్టలు మాత్రం నలుపూ పసుపే!

ఇగ్లూ కింద ఏముండేది?

హాకీ జట్టు పెంగ్విన్స్. వీళ్ళు 1967 నుంచీ ఆడుతున్నారు. మొదట నీలం రంగు వేసుకునేవాళ్ళు. స్టీలర్స్ వరసగా గెలుస్తుంటే 1980 జనవరిలో వీళ్ళూ నలుపూ పసుపుకి మారారు. బోస్టన్ జట్టు ఆ రంగులు మావని గొడవ చేసింది. మా ఊరి పాత హాకీ జట్టు 1920లలోనే ఈ రంగు వేసిందని చెప్పి వీళ్ళు నెగ్గారు. బేస్‌బాల్ జట్టుదీ అదే రంగు. మూడు పెద్ద జట్లకీ ఒకే జత రంగులు!

నిజం చెప్పాలంటే మూడింట్లో నాకు హాకీయే ప్రాణం. టీవీలో బిళ్ళ కనిపించదు. హాల్లో కూర్చుంటే చెవులకే తెలుస్తుంది - స్కేటు కోసిన చప్పుడు, గాజు గోడకి మనిషి గుద్దుకున్న చప్పుడు. ముప్పావు నిమిషం శక్తికి మించి ఆడి, ఆట ఆగకుండానే గోడ దూకి కూర్చుంటారు, వేరేవాళ్ళు దూకుతారు. ఒకే ఆటగాడు మూడు గోల్స్ కొడితే జనం తలమీద టోపీలు తీసి మంచు మీదికి విసురుతారు. హీరో ఎంట్రీకి మనం చిల్లర విసిరి, కాగితాలు చింపి ఎగరేయమూ? ఇక్కడ టోపీ ధర ఎక్కువ, అంతే తేడా.

ఈ జట్టు చరిత్ర అంతా ఒక మనిషి కథ. మారియో లెమ్యూ. కెనడా కుర్రాడు, 1984లో వచ్చాడు. 1991లో, 1992లో స్టాన్లీ కప్ తెచ్చిపెట్టాడు. 1993 జనవరిలో కేన్సరన్నారు. మార్చి 2న పొద్దున ఆఖరి రేడియేషన్ చికిత్స, ఆ రాత్రే ఫిలడెల్ఫియాలో మ్యాచి! ఒక గోలు కొట్టాడు. శత్రువుల ఊరు, అక్కడి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1998లో జట్టు దివాలా తీస్తే తనకి రావలసిన జీతం బాకీని వాటాగా మార్చుకుని 1999లో జట్టునే కొన్నాడు. 2000 డిసెంబరు 27న మళ్ళీ స్కేట్లు కట్టి బరిలోకి దిగాడు. హీరోయే నిర్మాతవడం మనకి కొత్త కాదు గానీ, అప్పులవాళ్ళ చేతిలోంచి కంపెనీని విడిపించి, రిటైరైన హీరో మళ్ళీ వేషం కట్టడం నేను మరెక్కడా వినలేదు.

ఇదంతా జరిగిన హాలు పేరు సివిక్ ఎరీనా. ముద్దుగా ఇగ్లూ. 1961లో కట్టారు. స్టీలు గుమ్మటం రెండుగా చీలి వెనక్కి జరిగితే ఆకాశం కనిపించేది. 1995లో వాన్ డామ్ నటించిన 'సడన్ డెత్' తీసింది అందులోనే. ఫైనల్ మ్యాచి జరుగుతుండగా విలన్ ఉపాధ్యక్షుణ్ణి పట్టుకుంటాడు, హీరో బాంబులు వెతుకుతూ వెతుకుతూ గోల్‌కీపరు వేషంలో బరిలోకి దిగిపోతాడు! నిర్మాత ఎవరంటే అప్పటి పెంగ్విన్స్ యజమాని హోవర్డ్ బాల్డ్‌విన్. సొంత హాలు, సొంత జట్టు, ఇంకేం కావాలి.

అయితే ఆ గుమ్మటం లేచిన నేల గురించి అభిమానులు ఎక్కువ మాట్లాడరు. నాకూ మొదట ఎవరూ చెప్పలేదు. అది హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవారి పేట. జాజ్ సంగీతానికి పేరుపొందిన క్లబ్బులు, చిన్న చిన్న దుకాణాలు, గుడులు. 1950లలో పట్టణాన్ని బాగుచేస్తామని 95 ఎకరాలు చదును చేసేశారు. సుమారు 8 వేలమంది ఇళ్ళు వదిలి పోయారు. 2010లో పెంగ్విన్స్ ఎదురుగా కట్టిన కొత్త హాలుకి మారారు. ఇగ్లూని 2012 నాటికి పూర్తిగా పడగొట్టేశారు. తర్వాత ఏళ్ళ తరబడి అక్కడున్నది కార్లు నిలిపే ఖాళీ స్థలం. ఈ మధ్యనే భవనాలు లేస్తున్నాయి. మ్యాచికి వెళ్ళినప్పుడల్లా నేనూ అక్కడే కారు పెట్టాను. ఎవరి ముంగిట పెట్టానో తెలియదు.

ఆ పేటలో పుట్టిన నాటక రచయిత ఆగస్ట్ విల్సన్. ఆయన నాటకం 'ఫెన్సెస్'ని డెంజెల్ వాషింగ్టన్ 2016లో సినిమాగా తీశాడు, షూటింగు అక్కడి వీధుల్లోనే. ఫుట్‌బాలు ఆడి కాలేజీ సీటు తెచ్చుకున్న కొడుకుని తండ్రి ఆడనివ్వడు. తనని రంగు చూసి తోసేసిన ఆటలు రేపు కొడుకునీ తోసేస్తాయని ఆయన భయం. ఆటల సినిమా కాదంటారు గానీ, నా దృష్టిలో ఆ ఊరి ఆటల మీద వచ్చిన సినిమాల్లో అదే మొదటిది. రెండోది 'స్లాప్ షాట్'. 1977లో పాల్ న్యూమన్‌తో తూర్పున ఉన్న జాన్స్‌టౌన్‌లో తీశారు. మిల్లు మూతపడబోయే ఊళ్ళో మూతపడబోయే హాకీ జట్టు కథ. కామెడీయే, కానీ ఆ ఊరి వీధులు చూస్తుంటే నవ్వు మధ్యలో ఆగుతుంది.

బాబాయితో తగాదా

ఇప్పుడు అసలు తగాదా. 2005లో సిడ్నీ క్రాస్బీ వచ్చాడు. 1987 ఆగస్టు 7న పుట్టాడు, చొక్కా మీద నంబరు 87, ఏడాది జీతం 87 లక్షల డాలర్లు. మన నిర్మాతల సెంటిమెంటు దీని ముందు దిగదుడుపు! 2024 సెప్టెంబరులో ఒప్పందం పొడిగించినప్పుడు కూడా ఎక్కువ అడక్కుండా అదే 87 లక్షలకి సంతకం పెట్టాడు. 2009, 2016, 2017ల్లో కప్పులు తెచ్చాడు. 2016 జూన్ ఊరేగింపుకి 4 లక్షలమంది వచ్చారని లెక్కగట్టారు. ఆ ఊరి జనాభా కంటే ఎక్కువ! అందులో నేనొకణ్ణి, భుజం మీద ఎవరి పిల్లాడో.

కానీ 2023, 2024, 2025 - వరసగా మూడేళ్ళు ప్లేఆఫ్‌కి కూడా చేరలేదు. క్రాస్బీని వేరే ఊరికి పంపేస్తే బదులుగా నలుగురు కుర్రాళ్ళొస్తారు, ఆయనకీ ఇంకో కప్పు దొరుకుతుంది అని ఒక వాదన బయల్దేరింది.

నాకు బాబాయి వరసయ్యే ఆయన ఒకరు 1974లో ఇంజనీరుగా ఆ ఊరొచ్చారు. పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వర స్వామి గుడికి 1976 నుంచీ వెడుతున్నారు. అమెరికాలో మనవాళ్ళు కట్టుకున్న తొలి గుళ్ళలో అదొకటి. ఎక్కడెక్కణ్ణుంచో కార్లేసుకుని వచ్చేవారట. ఆదివారం గుడి కింద భోజనాల హాల్లో పులిహోర తింటూ మేమిద్దరం దెబ్బలాడుకున్నాం.

"పంపించెయ్యాలిరా. పాపం, వయసైపోతోంది. ఇక్కడ ఓడిపోయే జట్టులో మగ్గిపోవాలా?" అన్నారు బాబాయి.

"మీరు పంపమంటే వెడతాడా బాబాయ్? ఉంటానని ఆయనే సంతకం పెట్టాడుగా."

"మంచితనంరా అది. మొహమాటం. మనం స్వార్థంతో పట్టుకు కూర్చున్నాం. ఫ్లూరీని వదల్లేదూ? వదిలితే ఏం, పేరు తెచ్చుకోలేదూ?"

మార్క్ ఆండ్రే ఫ్లూరీ గోల్‌కీపరు. 2017లో వేరే జట్టుకి వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళినచోటల్లా బాగానే ఆడాడు. కానీ 2025లో రిటైరయ్యాక సెప్టెంబరు 27న ఒక ప్రాక్టీసు మ్యాచి కోసం, ఒక్క పీరియడు కోసం మళ్ళీ పెంగ్విన్స్ చొక్కా తొడుక్కున్నాడు. లెక్కలోకి రాని మ్యాచి అది. హాలు దద్దరిల్లిపోయింది.

"చూశారా? ఆఖరికి ఎక్కడికొచ్చాడు?" అన్నాను.

బాబాయి గారికి కోపమొచ్చింది. "నువ్వు మాట్లాడుతున్నది హాకీ కాదురా అబ్బాయ్" అని విస్తరాకు పట్టుకుని లేచిపోయారు. యాభై ఏళ్ళు ఆ ఊళ్ళో ఉండి, రిటైరై, ఇల్లమ్మి హైదరాబాదు వెడదామా మానుదామా అని ఏడేళ్ళుగా ఊగుతున్న మనిషి. నేను హాకీయే మాట్లాడుతున్నానని ఇప్పటికీ అంటాను. క్రాస్బీ, మాల్కిన్, లటాంగ్ - ముగ్గురూ 2006 నుంచి కలిసి ఆడుతున్నారు. 2025లో ఇరవయ్యో సీజను మొదలుపెట్టారు. ఓడినా సరే, ఆ ముగ్గుర్నీ చూడ్డానికి నేను టిక్కెట్టు కొంటాను. కప్పు కావలసినవాళ్ళు వేరే ఊరి జట్టుని చూసుకోవచ్చు.

కుర్రకారు ఆట

మూడో ఆటకి ఓక్లండ్ అనే పేటకి పోవాలి. నలభై రెండంతస్తుల కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్ ఎక్కడ నుంచి చూసినా కనిపిస్తుంది, అదే పిట్ యూనివర్శిటీ. దాని వెనక కొండెక్కితే 2002లో తెరిచిన పీటర్సన్ హాలు. విద్యార్థుల గ్యాలరీని ఓక్లండ్ జూ అంటారు. జంతుప్రదర్శనశాల! పేరుకి తగ్గట్టే ఉంటుంది. రెండు గంటలు ఒక్కరూ కూర్చోరు. మన నేల క్లాసు వాళ్ళు చూస్తే తమ్ముళ్ళనుకుంటారు.

ఈ జట్టు బాధలకి లెక్కలేదు. 2009లో ఆఖరి నలుగురిలో చేరడానికి ఒక్క మెట్టు. విల్లనోవా కుర్రాడు అర సెకను ఉందనగా బంతి బుట్టలో వేసేశాడు. 78-76. 2018లో తమ లీగులో పద్దెనిమిది ఆడి పద్దెనిమిదీ ఓడిపోయారు. అయినా జూ ఖాళీ కాలేదు... అబద్ధమెందుకు, ఆ ఏడాది సగం ఖాళీయే.

ఇప్పుడు కాలేజీ ఆటలో పెద్ద మార్పొచ్చింది. 2021 జులై నుంచి కుర్రాళ్ళు తమ పేరూ, బొమ్మా అమ్ముకోవచ్చు. 2025 నుంచి యూనివర్శిటీలే నేరుగా డబ్బివ్వచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్శిటీ అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. డబ్బివ్వడం న్యాయమే. కోచ్‌లు లక్షలు, కోట్లు పుచ్చుకుంటుంటే, చెమటోడ్చినవాడికి చదువు చెప్పామనడం ఏం న్యాయం? ఎక్స్‌ట్రాలకి భోజనం పెట్టాంగా అన్నట్టు. కానీ దాంతోపాటు ఏడాదికో కాలేజీ మారే స్వేచ్ఛా వచ్చింది. నవంబరులో కుర్రాడి పేరు నేర్చుకుంటాం, మార్చికి వేరే రాష్ట్రంలో ఉంటాడు. ఈ తిప్పలో నాకు దొరికిన ఉపాయం ఒక్కటే. మనిషిని కాక చొక్కాని అభిమానించడం. క్రాస్బీ విషయంలో దానికి పూర్తిగా విరుద్ధంగా వాదించానని మీరంటే, అవును, హాకీ వేరు, ఇది వేరు.

2024 మార్చిలో పిట్ వాళ్ళకి టోర్నమెంటు పిలుపు రాలేదు. వచ్చింది ఊళ్ళో రెండో కాలేజీ డ్యూకేన్‌కి! 1977 తర్వాత మళ్ళీ అప్పుడే. కోచ్ కీత్ డామ్‌బ్రాట్ స్కూల్లో లెబ్రాన్ జేమ్స్‌కి ఆట నేర్పినవాడు. లెబ్రాన్ జట్టందరికీ బూట్లు పంపాడు. వీళ్ళు మొదటి మ్యాచిలో బ్రిగమ్ యంగ్ వాళ్ళని కొట్టారు. నీలం తప్ప మరో రంగు చూడని పిట్ కుర్రాళ్ళు కూడా ఆ రాత్రి ఎరుపు రంగుకి చప్పట్లు కొట్టారు.

డ్యూకేన్ హాలుకి చక్ కూపర్ పేరు పెట్టారు. వ్యాపార సంస్థ పేరు కూడా ముందు తగిలించారు, ఏం చేస్తాం. 1946లో నల్లవాడైన కూపర్ ఆడితే మేం ఆడమని టెనెసీ జట్టు భీష్మించింది. కూపర్‌ని పక్కన పెట్టడానికి డ్యూకేన్ ఒప్పుకోలేదు. మ్యాచి జరగలేదు, టెనెసీ వాళ్ళు ఇంటికిపోయారు. 1950లో ఎన్‌బీఏ జట్లు ఎంచుకున్న తొలి నల్ల ఆటగాడు ఆ కూపరే.

వెళ్ళదలచినవాళ్ళకి రెండు ముక్కలు. డిసెంబరు మొదటి వారాలు మేలు, మూడాటలూ దొరుకుతాయి. ఊరి మధ్య నుంచి ఏటి కింద సొరంగంలో నడిచే చిన్న రైలు ఫుట్‌బాలు స్టేడియం దాకా డబ్బు తీసుకోదు. హాకీకి పై వరసలు చాలు, ఆట మొత్తం చదరంగంలా కనిపిస్తుంది. సాయంత్రం 1877 నాటి డ్యూకేన్ ఇన్‌క్లైన్ అనే తాడు బండిలో కొండెక్కండి. సొరంగంలో ఒక్క క్షణం చూసిన ఊరు అక్కడ నుంచి ఎంతసేపైనా చూడొచ్చు. లోపల రెండు చొక్కాలూ, చెవులు మూసే టోపీ తప్పవు.

తువ్వాలు తప్పకుండా కొనుక్కోండి. కొన్నాక కింద మాత్రం వెయ్యకండి. 2008 డిసెంబరులో టెనెసీ టైటన్స్ ఆటగాళ్ళు గెలిచిన ఊపులో దాన్ని కాళ్ళతో తొక్కారు. ప్లేఆఫ్‌లో మొదటి మ్యాచికే ఇంటిదారి పట్టారు, మరుసటి సీజను మొదటి ఆరు మ్యాచిలూ ఓడిపోయారు. బాబాయి గారి తువ్వాలు పూజగది తలుపు వెనక కొక్కేనికి వేలాడుతుంది. పిన్ని ఎన్నిసార్లు తీసి బీరువాలో పెట్టినా, ఆదివారం పొద్దునకి మళ్ళీ అక్కడికే వస్తుంది.